మన సీమ ఆడపడుచు ఫఖ్రున్నిసా బేగం

చరిత్ర పాఠం చెప్పేటప్పుడు మేము ఒక సంగతి గమనిస్తూ వచ్చాము. హైదర్ అలీ ఎవరని అడిగితే పిల్లలు టక్కున చెబుతారు. టిప్పు సుల్తాన్ అంటే ఇంకా హుషారుగా చెబుతారు. టిప్పు తల్లి పేరేమిటి అంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. చరిత్ర పుస్తకాలలో ఆ తల్లికి దక్కినవి ఒకటి రెండు పంక్తులు. పెద్దలమైన మనకు కూడా అంతకు మించి తెలిసింది తక్కువే. అందుకే ఈ సంచికలో ఆమెను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచినాము.

ఆమె పేరు ఫాతిమా. చరిత్రలో ఫఖ్రున్నిసా బేగం అని ప్రసిద్ధి. ఆమె పరాయి మనిషి కాదు, మన సీమ ఆడపడుచే. తండ్రి మీర్ మొయినుద్దీన్ కొంతకాలం కడప కోటకు అధికారి. సోదరుడు మీర్ అలీ రజా ఖాన్ గుర్రంకొండ ఏలినవాడు. మదనపల్లె నుండి కడప పోయే బస్సెక్కితే దారిలో కనబడే గుర్రంకొండ కోటే అది. భర్త హైదర్ అలీ పుట్టిన బూదికోట మన కుప్పానికి దూరాభారం కాదు. మామగారు ఫతే మహమ్మద్ సమాధి పుంగనూరు వాళ్లకు పొరుగూరు లాంటి కోలారులో ఉంది. భర్త కన్నుమూసింది చిత్తూరు దగ్గర. చూడబోతే ఆ మహాతల్లి బ్రతుకంతా మన మూడూళ్ల చుట్టుపక్కలే తిరిగింది.

ఆమె కాలుపెట్టిన ఇల్లు కష్టాలు చూసిన ఇల్లు. మామగారు యుద్ధంలో చనిపోయేనాటికి హైదర్ ఇంకా పసివాడు. అప్పటి దొడ్డబళ్లాపురం జాగీర్దారు అబ్బాస్ కులీ ఖాన్ బాకీ వసూలు పేరుతో ఆ విధవ తల్లిని పీడించాడనీ, ఆమె ఇద్దరు కొడుకులను నగారాలో కూర్చోబెట్టి పైన కొట్టించాడనీ చరిత్రకారులు వ్రాశారు. ఉన్నదంతా ఊడ్చి ఇచ్చి, పిల్లలను వెంటబెట్టుకొని, ఆ తల్లి శ్రీరంగపట్నంలోని బంధువుల పంచన చేరింది. ఆ పిల్లలలో ఒకడే తర్వాత మైసూరును ఏలిన హైదర్. అతణ్ణి మనిషిని చేసింది ఆమె.

హైదర్ మొదటి భార్య శిరా పీర్జాదా గారి బిడ్డ. ఒక కూతురు పుట్టాక ఆమెకు జబ్బు చేసి కాళ్లు చేతులు పడిపోయినవి. ఆ తర్వాత హైదర్ ఫాతిమాను నికాహ్ చేసుకున్నాడు. సంతానం కోసం ఆర్కాటులో టిప్పు మస్తాన్ ఔలియా దర్గాకు పోయి దువా చేశారని, అందుకే బిడ్డకు ఆ పేరు పెట్టారని చెబుతారు. 1750 నవంబర్ 20న దేవనహళ్లిలో టిప్పు పుట్టాడు. తాతగారి పేరు కూడా కలిసి ఫతే అలీ అయినాడు.

ఇక ఆమె పడిన పరీక్షలు చూడండి. 1760 ఆగస్టులో హైదర్ నమ్మిన ఖండేరావే అతనిమీద తిరగబడ్డాడు. హైదర్ రాత్రికి రాత్రి కావేరి దాటి బెంగళూరుకు పారిపోవలసి వచ్చింది. భార్యాపిల్లలు శ్రీరంగపట్నంలోనే శత్రువు చేతిలో చిక్కిపోయినారు. టిప్పుకు అప్పటికి ఇంకా పదేళ్లు నిండలేదు. మరుసటి ఏడు హైదర్ గెలిచి వచ్చేదాకా ఆ ఇంటివాళ్లు బందీలుగానే ఉన్నారు. హైదర్ గెలుపును మనం పాఠంగా చదువుతాము. లోపల పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకొని గడిపిన ఆ నెలల సంగతి ఏ పాఠంలోనూ లేదు.

ఇంకో పరీక్ష పుట్టింటి నుండి వచ్చింది. సోదరుడు మీర్ అలీ రజా ఖాన్ హైదర్ తరఫున శిరా కోట చూస్తుండేవాడు. మాధవరావు పేష్వా దండెత్తి వచ్చినప్పుడు ఆ కోటను మరాఠాలకు అప్పగించి, వారి వద్ద గుర్రంకొండను తీసుకున్నాడు. భర్త ఒకవైపు, తోబుట్టువు ఒకవైపు. మైకా, ససురాల్ రెండూ కత్తులు దూసుకుంటే మధ్యలో నలిగేది ఎవరో మన ఇళ్లల్లో ఆడవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆ పగ నిలవలేదు. 1768లో మీర్ రజా తిరిగి బావగారి పక్షం చేరాడు. 1781 జూలై 1న పరంగిపేట యుద్ధంలో ఆ బావ కోసమే పోరాడి ప్రాణం ఇచ్చాడు. గుర్రంకొండలో నేటికీ నిలిచి ఉన్న మఖ్బరా ఆయనదే.

సోదరుడు పోయిన ఏడాదిన్నరకే భర్త. 1782 డిసెంబర్ 7న చిత్తూరు సమీపాన నరసింగరాయనిపేట దండులో రాచపుండుతో హైదర్ చనిపోయాడు. టిప్పు అప్పుడు మలబారు తీరంలో ఉన్నాడు. అతను వచ్చేవరకు సైన్యం చెదరకుండా ఉండాలని పూర్ణయ్య మొదలైనవారు మరణవార్త దాచారు. శవాన్ని ఖజానా పెట్టె పంపినట్లు కోలారుకు పంపించి, తండ్రి సమాధి దగ్గర ఉంచి, తర్వాత శ్రీరంగపట్నం చేర్చారు. రాజ్యం నిలవడానికి దాచక తప్పలేదు కాబోలు. కానీ భర్త పోతే నోరారా ఏడ్చే హక్కు ఏ ఇల్లాలికైనా ఉంటుంది. రాజు ఇంట్లో దానికి కూడా అడ్డం ఉందన్నమాట.

మనుమల కథ ఇంకా దుఃఖకరం. 1791లో నిజాం, కంపెనీ సైన్యాలు గుర్రంకొండ కింది కోటను పట్టుకొన్నవి. ఆ ఏడాది చివరనే టిప్పు పెద్ద కొడుకు ఫతే హైదర్ దండుతో వచ్చి దాన్ని తిరిగి గెలిచాడు. నాయనమ్మ పుట్టింటివారి కోట కోసం మనుమడు మన గడ్డమీద కత్తిపట్టాడు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో సంధి షరతు ప్రకారం అబ్దుల్ ఖాలిక్, మొయిజుద్దీన్ అనే ఇద్దరు చిన్నపిల్లలను కారన్ వాలిస్‌కు తాకట్టుగా అప్పగించవలసి వచ్చింది. వాళ్లను మద్రాసులో ఉంచి 1794లో తిరిగి పంపారు. 1799 మే 4న టిప్పు షహీద్ అయినాడు. మనుమలందరినీ వేలూరు కోటకు తరలించారు. 1806 వేలూరు సిపాయిల తిరుగుబాటు తర్వాత కలకత్తాకు పంపేశారు. ఆ వంశం మన ప్రాంతంతో సంబంధం తెగిపోయి ఎక్కడో బంగాళాదేశంలో నిలిచింది.

శ్రీరంగపట్నం గుంబజ్ చూసినవారు మనలో చాలామంది ఉంటారు. తండ్రి కోసం టిప్పు కట్టించిన కట్టడం అది. లోపల మూడు సమాధులు. నడుమ హైదర్. ఒక ప్రక్క ఫఖ్రున్నిసా, మరో ప్రక్క టిప్పు. పోయినవారందరూ ముగ్గురికీ ఫాతిహా చదివి వస్తారు, ఇద్దరి పేర్లు చెప్పుకుంటారు. రాజు ప్రక్కన రాజుతో సమానంగా చోటు దక్కించుకొన్న ఆ తల్లి పేరు మాత్రం గుమ్మం దాటేలోపే మరచిపోతారు.

పాఠక మహాశయులారా, బేగంల సంగతే ఇలా ఉంటే మామూలు ఇళ్ల సంగతి చెప్పాలా? మన దాదీలు, నానీలు బీడీలు చుట్టారు. చింతపండు గింజలు తీశారు. పట్టుగూళ్ల వేడినీళ్లలో వేళ్లు నానబెట్టి నూలు తీశారు. మిషను కుట్టి పిల్లల ఫీజులు కట్టారు. మదనపల్లె పిల్ల పుంగనూరు కోడలైంది, పుంగనూరు పిల్ల కుప్పం కోడలైంది. మన ఊళ్ల మధ్య రోడ్డు సర్కారు వేసింది, చుట్టరికం వేసింది ఆడపిల్లలు. అయినా వాళ్లను “ఫలానా సాహెబ్ ఇంటివాళ్లు”, “ఫలానా వాడి అమ్మ” అనే పిలిచాము. నాయనమ్మ తండ్రి పేరేమి, ఆమె ఏ ఊరి నుండి వచ్చింది అంటే ఇంట్లో అందరికన్నా పెద్దామెను అడగాలి. ఆమె కూడా పోతే అడగడానికి మనిషే ఉండదు.

కనుక మా మనవి ఒకటే. ప్రతి ఇంట్లో ఒక నోటుబుక్కు తీయండి. దాదీ పేరు, నానీ పేరు, వాళ్ల అమ్మల పేర్లు, పుట్టిన ఊరు, చేసిన పని, పెంచిన పిల్లలు, పడిన కష్టం అడిగి వ్రాయండి. ఉర్దూలో వ్రాసినా సరే, తెలుగులో వ్రాసినా సరే. మర్హూమాల పేర్లు సమాధి రాతిమీద పూర్తిగా చెక్కించండి. మన సొసైటీ కూడా ఇందుకొక రిజిస్టరు పెడితే బాగుంటుందని మా సూచన. ఇంట్లో బ్రతికి ఉన్న పెద్దామెను ఈ శుక్రవారం నమాజు తర్వాతే కూర్చోబెట్టి అడగండి. అల్లాహ్ ఆ తల్లులందరికీ జన్నత్ నసీబు చేయుగాక. ఆమీన్.