టీకా కష్టమునకు పరిహారము

సికింద్రాబాదు వాసులమైన మేము బేగంపేట మీదుగా పోవునపుడెల్ల రొనాల్డ్ రాస్ పేరు తలచుకొందుము. 1897 ఆగస్టు 20వ తేదీన ఆయన దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది ఇచ్చటనే. పదేండ్ల తరువాత ఆయన టీకా విషయమై కలము పట్టిన సంగతి అంతగా ప్రచారములో లేదు.

1902 అక్టోబరులో పంజాబులోని ముల్కోవాల్ గ్రామమున 107 మందికి ప్లేగు టీకాలు వేసిరి. వారిలో ఒకే సీసాలోని మందు పొందిన 19 మంది ధనుర్వాతముతో మరణించిరి. టీకాను కనిపెట్టిన హాఫ్కిన్‌పై నింద పడెను. సీసా తెరచుటకు వాడిన పటకారు నేలపై పడగా, దానిని సరిగా శుద్ధి చేయలేదని విచారణలో బయటపడెను. 1907లో రాస్ లండన్ టైమ్స్ పత్రికలో హాఫ్కిన్ పక్షమున వ్రాసెను. ఆ యేడే నింద తొలగెను. ఐదేండ్లు సాగిన వాదమునకు మూలప్రశ్న "తప్పెవరిది?" అన్నదే.

టీకాల మేలు సామాన్యమైనది కాదు. మశూచి భూమిపై లేకుండ పోయినదని 1980లో ప్రకటించిరి. మేలు కోట్లమందికి, కీడు ఏ ఒక్కరికో అయినపుడు, ఆ ఒక్కరి భారమును అందరును మోయవలదా? ఈ భావముతోనే పశ్చిమ జర్మనీ 1961లోను, బ్రిటన్ 1979లోను, అమెరికా 1986లోను చట్టములు చేసినవి. అమెరికాలో టీకాపై, అది నివారించు ఒక్కొక్క వ్యాధికి 75 సెంట్ల చొప్పున పన్ను వేసి, ఆ నిధినుండి పరిహారమిత్తురు.

సూదిని భుజముపై మరీ ఎత్తున గ్రుచ్చినచో మందు కండలోనికి గాక కీలు దగ్గరకు చేరి వాపు పుట్టించును. చేయి పైకెత్తుటయే కష్టమగును. 2017లో అమెరికా ఈ బాధను పరిహారపు పట్టికలో చేర్చెను. పూర్వము భుజబాధ లేనివారికి, టీకా వేసిన 48 గంటలలో నొప్పి మొదలైనచో, ఇతర కారణము కానరానపుడు, అది టీకా వలననే అని భావింతురు. ఎవరి తప్పో నిరూపింప పనిలేదు.

మన దేశమున 1995లో సుప్రీంకోర్టు, అందరికిని ఉచితముగా చేయు వైద్యము వినియోగదారుల చట్టము క్రిందికి రాదని తీర్పు చెప్పెను. 2022లో కోవిడ్ టీకా మరణముల వ్యాజ్యమున కేంద్రప్రభుత్వము, బాధితులు సివిలు కోర్టుకు పోవచ్చునని విన్నవించెను. అచ్చట నిర్లక్ష్యమును రుజువు చేయు భారము బాధితునిదే.

కావున టీకా వేసిన తేదీ, ఏ చేయి, నొప్పి ఎపుడు మొదలైనది అన్నవి వ్రాసి, వైద్యుని చీటీలు భద్రపరచుకొనుట మంచిది. టీకాకు భయపడవలదు. అయితే ఊరి క్షేమమునకై చేయి చాచినవానికి కష్టము కలిగినపుడు "తప్పెవరిది?" అని మాత్రమే అడుగుట న్యాయము కాదని మా అభిప్రాయము.