సంతకమూ వేలిముద్రా

పాత వాటా పత్రాలు పోగుచేయడం డబ్బున్నవాళ్ల కాలక్షేపమని నేను చాలాకాలం అనుకున్నాను. ఏలూరులో నా మిత్రుడొకరు అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీ తొలినాటి పత్రం చూపించాక ఆ అభిప్రాయం కొంత సడలింది. అధ్యక్షుడు హెన్రీ వెల్స్, కార్యదర్శి విలియం ఫార్గో స్వహస్తాలతో చేసిన సంతకాలు దాని మీద ఉన్నాయి. దానికి వెల ఆ సంతకాల వల్లే.

వెల్స్ 1840 దశకంలో తపాలా శాఖ కంటే చవగ్గా ఉత్తరాలు మోసినవాడు. అటువంటి ప్రైవేటు పోటీకి తాళలేకే 1845లో అక్కడి ప్రభుత్వం తపాలా రేట్లు తగ్గించింది. 1850లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ పుట్టింది. కాలిఫోర్నియా బంగారం మోయడానికి తోటి డైరెక్టర్లు ఒప్పుకోకపోతే, 1852లో వీళ్లిద్దరే వెల్స్ ఫార్గో పెట్టారు. సేకర్తలు సాధారణంగా పట్టించుకోని విషయం మరొకటుంది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 1965 దాకా చట్టరీత్యా కార్పొరేషన్ కాదు. కంపెనీ అప్పులకు వాటాదారు సొంత ఆస్తి కూడా పూచీయే. అంత పూచీ మోయగలవాళ్ల చేతుల్లోనే పెత్తనం నిలిచింది. పత్రంలో చదవవలసింది ఇదీ. సంతకంలోని వంపులు కాదు.

మిత్రుడిప్పుడు 1923లో పట్టాభి సీతారామయ్య గారు బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు తొలి వాటా పత్రం కోసం వెతుకుతున్నాడు. 2020లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయాక ఆయన ఆత్రం మరీ పెరిగింది.

నా దగ్గరా ఒక కాగితం ఉంది. మాది కొల్లేటికోట. 1976 ప్రాంతంలో ప్రభుత్వం లంక గ్రామాల్లో సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించినప్పుడు మా నాన్న సభ్యుడయ్యాడు. వాటా సొమ్ము కట్టిన రశీదు అది. సహకార చట్టం ప్రకారం ఎన్ని వాటాలున్నా మనిషికొకటే ఓటు. వెల్స్ కంపెనీ కంటే ఎంత ప్రజాస్వామికం! కాని ఓటు సంఘంలో ఉంది, పెట్టుబడి బయట ఉంది. చేపపిల్లకీ మేతకీ గట్లకీ డబ్బు లేని సభ్యులు చెరువును బయటివాళ్లకు లీజుకిచ్చారు. ఆ లీజు కాగితం మీద మా నాన్న వేలిముద్ర వేశాడు. తరవాత అదే గట్టు మీద కూలికి వలలాగాడు. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యమైంది. 2006లో దాని లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సు బతకాలంటే అది అవసరమేనని నేనూ ఒప్పుకుంటాను. గట్టుతో పాటు మా నాన్న కూలీ పోయింది. లీజుదారు అప్పటికే మరో చోట చెరువులు చూసుకున్నాడు.

పోయిన ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకు వచ్చిన మిత్రుడికి ఆ రశీదూ, లీజు నకలూ చూపించాను. రశీదును వెలుతురుకేసి పట్టి, అధ్యక్షుడి సంతకం పరీక్షగా చూశాడు.

"ఎవరీయన, మేష్టారూ?"

"మా ఊరాయనే. ఇప్పుడు లేడు."

"కొనేవాళ్లు దొరకరండీ" అన్నాడు. లీజు నకలు మీది వేలిముద్ర ఎవరిదని మాత్రం అడగలేదు.