ఇంజను ఆగిన రోజు: పూరీ తెలుగువాళ్ళ తెప్ప కథ

మొన్న సమావేశంలో ఒక కుర్రాడు అడిగాడు, "మన తాతలు ఇంజను లేకుండా సముద్రం మీదికి ఎలా వెళ్ళేవారు?" అని. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

పూరీ పెంటకోటలో ఉన్న మన కుటుంబాల్లో చాలామంది పూర్వీకులు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి, గంజాం నుంచి వచ్చినవాళ్ళు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. మనవాళ్ళు మొదట్లో చేపల సీజనుకు వచ్చి తిరిగి వెళ్ళిపోయేవారు. తర్వాత ఇసుక మీదే పాకలు వేసుకుని ఉండిపోయారు. ఒడియావాళ్ళు మనల్ని నొలియాలన్నారు. శంకు టోపీలు పెట్టుకుని, యాత్రికుల చేయి పట్టుకుని కెరటాల్లో స్నానం చేయించింది మనవాళ్ళే.

వాళ్ళ బతుకంతా తెప్ప మీద, పడవ మీద నడిచింది. తేలిక దుంగల్ని తాళ్ళతో కడితే తెప్ప. కెరటం మీద పడినా నీళ్ళు దుంగల సందుల్లోంచి దిగిపోతాయి. ఒడ్డుకు చేరాక కట్లు విప్పి దుంగల్ని ఆరబెట్టేవారు. పడవ పలకలకు మేకులు కొట్టరు, కొబ్బరి తాడుతో కుడతారు. అలల దెబ్బకు పలకలు కాస్త కదులుతాయి గానీ పగలవు. రేవు కట్టని రోజుల్లో గోపాలపురం దగ్గర ఓడలు దూరంగానే ఆగేవి. రంగూను వెళ్ళేవాళ్ళను, సరుకుల్ని ఓడ దాకా చేర్చింది ఈ కుట్టు పడవలే.

తర్వాత ఫైబర్ బోట్లు, ఇంజన్లు వచ్చాయి. నా చిన్నప్పటికి మా ఇంట్లోనూ ఒకటి ఉండేది.

నాకు పన్నెండేళ్ళప్పుడు, మార్చి నెలలో, తాత, నాన్న, చిన్నాన్నలతో కలిసి మొదటిసారి వేటకు వెళ్ళాను. నాయనమ్మ గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి పంపింది. తెల్లారేసరికి వల లాగాం, కవళ్ళు బాగానే పడ్డాయి. తిరిగి వస్తుంటే నీళ్ళలో కొట్టుకొచ్చిన పాత వల ముక్క ఫ్యానుకు చుట్టుకుంది. చిన్నాన్న నీళ్ళలోకి దిగి కత్తితో కోసేశాడు. ఇంజను స్టార్టయింది గానీ ఫ్యాను తిరగలేదు. లోపల పిన్ను తెగిపోయింది. ఇంకో పిన్ను తీసుకెళ్ళలేదు.

నీటి వాలు మమ్మల్ని తూర్పుగా, కోణార్కు వైపు లాగుతోంది. నాన్న, చిన్నాన్న తప్పు నీదంటే నీదని అరుచుకున్నారు. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. తాత లంగరు వేయించి, బీడీ ముట్టించి అన్నాడు: "ఇంజను చచ్చిపోనాది గానీ గాలి చావనేదురా. మద్దేనం దక్షిణం గాలి లేస్తాది, అందాకా ఊరుకోండి."

గాలి లేచింది. వెదురు గడకు టార్పాలిన్ కట్టి తెరచాప చేశారు. తాత తెడ్డు పట్టుకుని జగన్నాథుడి గుడి శిఖరాన్నే చూస్తూ కూర్చున్నాడు. పూర్వం తెల్లదొరల ఓడలకు కూడా పూరీ గుడి, కోణార్కు గుడే గుర్తులు. దీన్ని తెల్ల గోపురమని, దాన్ని నల్ల గోపురమని పిలిచేవారట. శిఖరం ఎటు పక్కకు జరిగిందో చూసి తాత తెడ్డు మార్చేవాడు. పొద్దు గూకేవేళకు పూరీకి బాగా తూర్పున, మనుషులు లేని ఇసుక ఒడ్డుకు చేరాం. కవళ్ళు పాడైపోయాయి. ఇంటికి వెళ్ళేసరికి అర్ధరాత్రి దాటింది. నాయనమ్మ ఇంకా ఒడ్డునే కూర్చుని ఉంది. ఎవర్నీ ఏమీ అనలేదు, నా తల తడిమింది.

ఆ తర్వాత మా బోటులో రెండు పిన్నులు ఎప్పుడూ ఉండేవి. తెరచాప కట్టడం మాత్రం నేను నేర్చుకోలేదు. తాతను అడుగుదామనుకుంటూనే ఏళ్ళు గడిచిపోయాయి, తాత పోయాడు. ఏ గాలిని ఏమనేవాడో, ఏ నెలలో నీరు ఎటు వాలుతుందో, ఎక్కడ వల వేస్తే ఏ చేప పడుతుందో ఆయనకు తెలిసినదంతా తెలుగులోనే ఉండేది. మన పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, బోటులో జీపీఎస్ చూస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ మాటలు తెలిసినవాళ్ళు మన వీధుల్లో ఇప్పుడు కొద్దిమందే ఉన్నారు.

వచ్చే సమావేశానికి ఆ పెద్దల్ని పిలుద్దాం. ఫోన్లో వాళ్ళ మాటలు రికార్డు చేద్దాం. ఒక తెప్ప కట్టి చూపించమందాం. తాళ్ళు, దుంగలు తెచ్చే పూచీ నాది.