నాలుగు స్క్రూల చరిత్ర

లియో ఫెండర్‌కి గిటార్ వాయించడం రాదు. టెలీకాస్టర్, స్ట్రాటోకాస్టర్ అనే రెండు గిటార్లతో రాక్ సంగీతం వినిపించే తీరునే మార్చేసిన మనిషి గురించి ఈ మాట మొదటిసారి చదివినప్పుడు నేనైతే నమ్మలేదు. ఆయన కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు రిపేరు చేసే షాపు నడిపేవాడు. ఆ సంగతి తెలిశాక ఆ గిటార్ని చూస్తే అంతా అర్థమైపోతుంది. తీగలని నొక్కే పొడవాటి భాగం ఉంటుంది కదా, నెక్ అంటారు. అప్పటిదాకా మంచి గిటార్లలో దాన్ని బాడీకి జిగురుతో అతికించేవాళ్లు. ఫెండర్ నాలుగు స్క్రూలతో బిగించాడు. పాడైందా, విప్పు, ఇంకోటి పెట్టు. రిపేరు బల్ల దగ్గర కూర్చున్నవాడికి తట్టే ఆలోచన అది.

ఎలక్ట్రిక్ గిటార్ చరిత్రని మనం కంపెనీల పేర్లతోనో, గొప్ప వాద్యకారుల పేర్లతోనో చెప్పుకుంటాం. నాకు మాత్రం అది స్క్రూడ్రైవర్ పట్టుకున్నవాళ్ల చరిత్రలా కనిపిస్తుంది. వాళ్లు ఇంట్లో చేసుకున్న మార్పుల వెనకాలే ఫ్యాక్టరీలు నడిచాయి.

ఇది ఎలా సాధ్యమైందంటే, లోపల ఉన్నది చాలా తక్కువ కాబట్టి. ఒక అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ కొన్ని వేల చుట్లు. అదే పికప్. పైన ఉక్కు తీగ కంపిస్తే కాయిల్‌లో చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో మనం బట్టీపట్టిన ఫారడే నియమమే. ఆ తర్వాత వాల్యూమ్‌కి ఒక పాట్, టోన్‌కి ఇంకో పాట్, ఒక కెపాసిటర్, ఒక స్విచ్. వారమంతా ఏ ఒక్కరికీ పూర్తిగా అర్థంకాని సాఫ్ట్‌వేర్ మీద పనిచేసి, ఆదివారం ఒక చవక గిటార్ వెనక మూత తీసి చూస్తే నాకు కలిగే నెమ్మది ఇంతా అంతా కాదు. ఏ వైరు ఎక్కడికి వెళుతుందో కంటికి కనిపిస్తుంది. 250 కిలోఓమ్‌ల పాట్ తీసి 500ది పెడితే శబ్దం పదునెక్కుతుంది. ఎందుకు పదునెక్కిందో కాగితం మీద లెక్క కట్టొచ్చు.

ఆదివారం అంటే లెస్ పాల్ గుర్తొస్తాడు. 1940 ప్రాంతంలో న్యూయార్క్‌లో ఎపిఫోన్ ఫ్యాక్టరీని ఆదివారాలు వాడుకునే అనుమతి ఆయనకి దొరికింది. అప్పటి గిటార్ల బాడీ బోలుగా ఉండేది. యాంప్లిఫయర్ శబ్దానికి ఆ బోలు పెట్టె తనూ అదిరి కీచుమనేది. పాల్ నాలుగంగుళాల మందమున్న చెక్క దిమ్మెకి నెక్, పికప్‌లు బిగించాడు. కీచు పోయింది. కానీ, ఆయనే తర్వాత చెప్పుకున్నట్టు, దుంగని వాయిస్తుంటే జనం పట్టించుకోలేదట. మామూలు గిటార్‌ని నిలువునా కోసి ఆ రెండు సగాల్నీ దుంగకి రెక్కల్లా తగిలించాక మెచ్చుకున్నారట! గిబ్సన్ కంపెనీ కూడా మొదట ఆసక్తి చూపలేదు. 1952లో అదే కంపెనీ ఆయన పేరుతోనే గట్టి చెక్క గిటార్ విడుదల చేసింది.

స్ట్రాటోకాస్టర్ కథ ఇంకా సరదాగా ఉంటుంది. 1954లో వచ్చిన ఆ గిటార్‌లో మూడు పికప్‌లు, మూడు స్థానాల స్విచ్ ఉండేవి. ఒకసారి ఒక్క పికప్పే పలకాలన్నది డిజైన్. వాయించేవాళ్లు ఆ స్విచ్‌ని రెండు స్థానాల మధ్య ఆపి చూశారు. రెండు పికప్‌లు ఒకేసారి పలికి, కొంచెం బోలుగా, గాజులా మెరిసే కొత్త శబ్దం వచ్చింది. స్విచ్ అక్కడ నిలబడేది కాదు, అయినా నిలబెట్టారు. ఫెండర్ కంపెనీ ఐదు స్థానాల స్విచ్ పెట్టింది 1977లో. తయారుచేసినవాళ్లు అనుకోనిది వాడినవాళ్లు కనిపెడితే, అది అధికారికం కావడానికి ఇరవై మూడేళ్లు పట్టింది.

1963లో లండన్ శివారు ఫెల్తామ్‌లో ఒక కుర్రాడికి ఫెండర్ గిటార్ కొనే స్తోమత లేదు. ఎలక్ట్రానిక్స్ తెలిసిన తండ్రి హెరాల్డ్‌తో కలిసి తనే తయారుచేసుకోవడం మొదలుపెట్టాడు. పాత ఫైర్‌ప్లేస్ చెక్క నెక్ అయింది. పురుగు తొలిచిన రంధ్రాల్లో అగ్గిపుల్లలు కూరారు. పాత మోటార్‌సైకిల్ వాల్వ్ స్ప్రింగులు తీగల బిగువుని మోశాయి. నెక్ మీద గుర్తులకి అమ్మ గుండీలు. అతని పేరు బ్రయాన్ మే. 'క్వీన్' బృందంలో వాయించింది ఆ గిటారే. దాని వైరింగ్ నాకు మరీ ఇష్టం. ఒక్కో పికప్‌కి రెండు స్విచ్‌లు: ఒకటి ఆన్-ఆఫ్‌కి, రెండోది ఫేజ్ తిప్పడానికి. రెండు పికప్‌లని ఎదురు ఫేజ్‌లో కలిపితే ఉమ్మడి శబ్దం చాలావరకు రద్దయి, మిగిలింది సన్నగా, కోసుకుపోయేలా వినిపిస్తుంది. 2002లో బకింగ్‌హామ్ ప్యాలెస్ కప్పు మీద బ్రిటిష్ జాతీయగీతం పలికింది ఆ అగ్గిపుల్లల గిటార్ మీదే.

మన దగ్గర? 1969లో పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ చేతిలోని మాండలిన్‌ని ఈ వరసలోనే చూడాలంటాను. మామూలు మాండలిన్‌కి నాలుగు జతల తీగలుంటాయి. జంట తీగల మీద గమకం పలికించడం కష్టం. ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ వాడాడు. ఒంటి తీగ మోత చిన్నదే, ఆ లోటు పికప్ తీర్చింది. పాశ్చాత్య వాద్యం కర్ణాటక కచేరీలో కూర్చోవడానికి ప్రతిభతో పాటు తీగల లెక్క కూడా మారాల్సొచ్చింది.

ఈ కథకి ఒక చేదు చివర ఉంది. ఎడ్డీ వాన్ హేలెన్ 1970లలో 50 డాలర్ల బాడీ, 80 డాలర్ల నెక్ కొని, గిబ్సన్ పికప్‌ని కరిగిన మైనంలో ముంచి కీచు తగ్గించి, అందులో బిగించాడు. 2019లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఆ గిటార్‌ని ప్రదర్శనకి పెట్టింది. అంతకుముందే, 2007లో, గీతలూ దెబ్బలతో సహా దాని నకళ్లు 25 వేల డాలర్లకి అమ్మారు. 1950ల నాటి స్ట్రాటోకాస్టర్ కొనేవాళ్లు ఇప్పుడు మూత తీసి చూసేది ఒక్కటే: సోల్డరింగ్ ఎవరూ ముట్టుకోలేదు కదా అని. విప్పడానికి చేసిన వస్తువుకి, విప్పకపోతేనే విలువ.

కలెక్టర్ల బాధ నాకు అర్థంకాక కాదు. పాత చెక్కలో ఉలి పెట్టి తవ్వింది మళ్లీ పూడదు. విప్పిన ప్రతివాడూ బ్రయాన్ మే కాడు. కానీ గాజుపెట్టెలో ఉన్నదాన్ని చూసి ఎవరూ గిటార్ చేయడం నేర్చుకోలేదు. జేబులో ఫోన్ బ్యాటరీని జిగురుతో అతికిస్తున్న కాలం ఇది. ఆ ఫోన్‌కి తాళాలేసే కోడ్ రాసేది కూడా మా రంగమే. ఇందులో కూడా ఎక్కడో ఒక స్విచ్ రెండు స్థానాల మధ్య ఆగగలదేమో. కానీ దాన్ని కనిపెట్టాల్సిన పదహారేళ్ల కుర్రాడికి అసలు మూత తెరుచుకోవాలి కదా.