హిబా రాసే ముందు: పెద్దల ఖర్చులకు చట్టం ఇచ్చే అండ

మొజంజాహీ మార్కెట్, ఆబిడ్స్, నాంపల్లి గల్లీల్లో చాలామంది పెద్దలకు ఉన్న ఆస్తల్లా ఒక పాత ఇల్లో, చిన్న దుకాణమో. పెన్షన్ ఉండదు. మంచాన పడితే మందులు, చూసుకునే మనిషి జీతం నెలనెలా తప్పవు. ఆ ఇల్లు పిల్లల పేర రాసే ముందు ఇవి తెలుసుకోండి.

హిబా: ఇస్తున్నానని చెప్పడం, అవతలివారు ఒప్పుకోవడం, స్వాధీనం అప్పగించడం. ఈ మూడూ జరిగితే హిబా పూర్తయినట్టే. హనఫీ ఫిఖ్ ప్రకారం కన్నబిడ్డలకు ఇచ్చింది వెనక్కి తీసుకునే వీల్లేదు.

వసియత్: మరణం తర్వాతే అమలవుతుంది, అంతవరకు ఇల్లు మీదే. మూడో వంతు దాటకూడదు. వారసుడికే రాస్తే మిగతా వారసులు ఒప్పుకోవాలి.

2007 చట్టం: తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. చూసుకోవాలనే షరతుతో ఆస్తి ఇచ్చాక పిల్లలు పట్టించుకోకపోతే, సెక్షన్ 23 కింద ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయవచ్చు. అయితే షరతు ఉందని రుజువు కావాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే నోటిమాట చాలదు, పత్రంలోనే రాయించండి.

భరణం: ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టాలి. చట్టంలో గరిష్ఠం నెలకు 10,000 రూపాయలు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. ప్రత్యేక కారణాలుంటే మరో 30 రోజులు.

ఆసుపత్రి: 70 ఏళ్లు నిండినవారికి ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స. ఇంట్లో చూసుకునే మనిషి జీతం ఇందులో రాదు, దానికి వేరే పొదుపు ఉండాల్సిందే.

సలహాకు వయోవృద్ధుల హెల్ప్‌లైన్: 14567.