గోదావరిని చూడని నర్సమ్మ



ఏటా మే 12వ తేదీన నర్సుల దినోత్సవం జరుగుతుందని మనందరికీ విదితమే. ఆ రోజున ఆసుపత్రులలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పటానికి పూలమాల వేసి, దీపాలు వెలిగించి, నర్సులు ప్రతిజ్ఞ చేస్తారు. దీపం పట్టుకుని రాత్రిళ్ళు సైనికుల మంచాల మధ్య తిరిగిన తల్లి అని మన పిల్లలు కూడా పాఠ్యపుస్తకాలలో చదువుకున్నారు. అయితే ఆవిడ ఆ యుద్ధరంగంలో ఉన్నది రెండేళ్ళ లోపే. ఆ తరువాత మరో యాభై ఏళ్ళకు పైగా జీవించారు. అందులో చాలా భాగం మన దేశం గురించి, మన గోదావరి నీళ్ళ గురించి కూడా ఆలోచిస్తూ గడిపారని తెలిసినవారు తక్కువ. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో తీరిక వేళల్లో చదివి పోగుచేసుకున్న సంగతులు ఈ ప్రత్యేక సంచిక కోసం వ్రాస్తున్నాను.

నైటింగేల్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టారు. ఊరి పేరే ఆవిడకు పెట్టారు. అక్క నేపుల్స్‌లో పుట్టింది కనుక ఆ ఊరి పాత గ్రీకు పేరు పార్థినోపి అని పెట్టారు. కలిగిన కుటుంబం. తండ్రి స్వయంగా ఇద్దరు ఆడపిల్లలకూ గ్రీకు, లాటిన్, గణితం వగైరా నేర్పించారు. ఇంత చదువు చెప్పిన ఇంట్లోనే, నర్సునవుతానని కూతురు అనేసరికి గగ్గోలు పుట్టింది. ఆ కాలంలో ఇంగ్లండులో నర్సు పని అంటే తాగుబోతుల పని, గౌరవం లేని పని. తల్లి, అక్క ససేమిరా అన్నారు. ఏళ్ళ తరబడి ఇంట్లో అదే రగడ. చివరకు 1851లో జర్మనీలోని కైజర్స్‌వర్త్‌లో శిక్షణ పొందారు. 1853లో తండ్రి మనసు మెత్తబడి, ఏడాదికి 500 పౌండ్లు ఏర్పాటు చేశారు.

ఇది చదివినప్పుడు నాకు మా పెద్దక్కయ్య గుర్తుకు వచ్చింది. 1960లలో ఆమె నర్సింగ్ ట్రైనింగుకు వెళతానంటే మా ఇంట్లో ఎవరూ ఒకరితో ఒకరు సరిగా మాట్లాడుకోలేదు. "పరాయి మగవాళ్ళకు కట్లు కడతావుటే?" అని బామ్మ సణుగుడు. అదే బామ్మ తుంటి విరిగి మంచాన పడితే పది నెలలు ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, పుండు పడకుండా చూసింది అక్కయ్యే. క్వార్టర్సు వరండాలో ఖాళీ డాల్డా డబ్బాలలో మందారం, తులసి, కనకాంబరం పెంచేది. నైట్ డ్యూటీ దిగి వచ్చి, చెట్లకు నీళ్ళు పోశాకే కాఫీ. బామ్మ మంచం పక్కన కూడా ఒక డబ్బా పెట్టింది. ఎందుకమ్మా అంటే, "పడుకున్నవాళ్ళకు చూసుకోవటానికి ఏదో ఒకటి ఉండాలిరా" అంది.

అదే మాట నైటింగేల్ 1859లో వ్రాసిన నర్సింగు పుస్తకంలో ఉన్నది. రోగికి మందుతో పాటు గాలి, వెలుతురు, మంచి నీరు, మురుగు పోయే దారి, శుభ్రత కావాలని, కిటికీలోంచి ఏదైనా కనబడాలని, పూల రంగులు కూడా వంటికి మేలు చేస్తాయని, దీర్ఘరోగులకు చిన్న పెంపుడు ప్రాణి మంచి తోడని ఆవిడ అభిప్రాయం. మన కింగ్ జార్జి ఆసుపత్రిని 1923లో సముద్రపు గాలి తగిలేలా కొండవాలున కట్టినవారికీ ఇటువంటి ఆలోచన ఉండే ఉంటుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి ఊరంతా చెట్లు నేలకూలాక, కరెంటు, కుళాయి నీళ్ళు లేక మనం అల్లాడిన రోజులలో ఈ మాటల విలువ నాకు బాగా తెలిసివచ్చింది.

పెంపుడు ప్రాణి అన్నాను కదా, ఆవిడకు ఒక గుడ్లగూబ ఉండేది. మనం ఇంటి మీద వాలితేనే శాంతి చేయిస్తాం, ఆవిడ జేబులో పెట్టుకుని తిరిగేవారు! 1850లో ఏథెన్స్‌లో పార్థినాన్ గుడి దగ్గర పిల్లలు దానిని హింసిస్తుంటే డబ్బిచ్చి విడిపించి, అథీనా అని పేరు పెట్టారు. 1854 అక్టోబరులో యుద్ధానికి బయలుదేరే హడావిడిలో ఎవరికీ దాని సంగతి పట్టక అది చనిపోయింది. అందుకు ఆవిడ కంటతడి పెట్టారట. దాని కథను పుస్తకంగా వ్రాసింది ఎవరనుకున్నారు? నర్సు పని వద్దని పోరిన అక్క పార్థినోపియే. భద్రపరచిన ఆ పక్షిని ఇప్పటికీ లండనులోని నైటింగేల్ మ్యూజియంలో చూడవచ్చును.

టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి 38 మంది నర్సులతో చేరారు. అక్కడ గాయాల కంటె జబ్బుల వల్ల పోయినవారే ఎక్కువ. 1855లో మురుగు కాలువలు శుభ్రం చేయించాక మరణాలు గణనీయంగా తగ్గాయి. ఇంటికి తిరిగి వచ్చి లెక్కలు తీసిన మీదట మురుగు, నీరు ఎంత ముఖ్యమో ఆవిడకు పూర్తిగా బోధపడింది. అప్పటికే యుద్ధంలో పట్టుకున్న జ్వరం వదలక, 1857 నుంచి చాలా కాలం మంచం మీదనే ఉండవలసి వచ్చింది. ఆ మంచం మీది నుంచే మన దేశం పని మొదలయింది.

ఇక్కడ ఒక గుమాస్తాగా నేను మురిసిపోయే విషయం చెప్పాలి. ఇండియాకు రాకుండా ఇండియా ఆరోగ్యం ఎలా తెలుస్తుంది? ఆవిడ ప్రశ్నలతో ఫారాలు తయారుచేసి సైనిక స్థావరాలన్నింటికీ పంపించారు. నీరు ఎక్కడిది, మురుగు ఎటు పోతుంది, ఎందరు పోయారు, దేనితో పోయారు అన్నీ నింపి పంపాలి. వచ్చిన రిటర్నులన్నీ చదివి పట్టికలు వేశారు. 1863లో రాయల్ కమిషన్ నివేదిక రెండు వేల పేజీలు దాటింది. మన దేశంలోని బ్రిటిషు సైనికులలో ఏటా వెయ్యికి 69 మంది మరణిస్తున్నారని తేలింది. పదేళ్ళలో అది 18కి తగ్గిందని ఆవిడే వ్రాశారు. రిటర్నులు నింపటమంటే విసుక్కున్నవాళ్ళం మనం. ఫారంలో గడి వెనుక మనిషి ఉంటాడని ఆవిడకు తెలుసు. ముసలితనంలో ఆవిడ పెంచిన పిల్లులు కాగితాల మీద సిరా పాదాల గుర్తులు వేసేవట. మన ఆఫీసులో అయితే మెమో వచ్చేది!

సైన్యం సంగతి నుంచి ఆవిడ దృష్టి రైతుల మీదికి మళ్ళింది. సర్ ఆర్థర్ కాటన్ గారితో ఉత్తర ప్రత్యుత్తరాలు సాగాయి. 1832-33 నాటి నందన కరువు మన తెలుగు జిల్లాలను ఎలా తుడిచిపెట్టినదీ పెద్దలు చెప్పగా విన్నాము. ఆ తరువాత కాటన్ దొర 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టించి గోదావరి జిల్లాను గట్టెక్కించారు. 1876-78 కరువులో మద్రాసు రాజధానిలో లక్షలాది ప్రజలు మాడిపోతుంటే, రైళ్ళకు పెట్టే డబ్బు కాలువలకు పెట్టమని ఆయన ఇంగ్లండులో వాదించారు. ఏలినవారికి ఆ మాట రుచించలేదు. 1878లో పార్లమెంటు సంఘం విచారణలోనూ ఆయన మాట నెగ్గలేదు. ఆ సమయంలో ఆయన పక్షాన కలం పట్టిన కొద్దిమందిలో నైటింగేల్ ఒకరు. నీటిపారుదల కోసం పత్రికలకు వ్రాశారు, అధికారులకు ఉత్తరాలు వ్రాశారు. 1878లోనే భారత ప్రజల కష్టాల గురించి, వడ్డీ వ్యాపారుల చేతిలో చిక్కిన రైతుల గురించి పెద్ద వ్యాసం ప్రకటించారు. తిండి లేనివాడికి ఏ నర్సు ఏం చేయగలదు? కాలువ కూడా వైద్యమేనని ఆవిడ లెక్క. 74వ ఏట, 1894లో కూడా మన గ్రామాల పారిశుధ్యం మీద బుడాపెస్ట్ మహాసభకు వ్యాసం పంపారు. కాటన్ దొర విగ్రహాలు గోదావరి ఊళ్ళ నిండా ఉన్నాయి. ఆయనకు తోడు నిలిచిన ఈ తల్లి పేరు ఆ గట్ల మీద ఎవరూ తలవరు. నాకిది లోటుగానే తోస్తుంది.

ఇంత పని నడుమ ఇంటిని వదిలిపెట్టలేదు. 1874లో తండ్రి పోయాక, చూపు పోయిన తల్లిని 1880లో ఆమె కన్నుమూసే వరకు చూసుకున్నారు. ఒకప్పుడు అడ్డుపడిన తల్లి! అక్కతోనూ అరమరికలు తొలగిపోయి, జబ్బున పడిన ఆమె ఇంటికి వెళ్ళి ఉండేవారు. ఆ అక్క 1890లో సరిగ్గా మే 12నే, చెల్లెలి పుట్టినరోజునే పోయింది.

మన వైపు మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1871లోనే శిక్షణ మొదలయింది. మద్రాసు రాజధానిలో నర్సుల, మంత్రసానుల చట్టం 1926లో వచ్చింది. మా అక్కయ్య వంటివారు ఆ దారిన నడిచినవారే.

చివరి ఏళ్ళలో నైటింగేల్‌కు కూడా చూపు పోయింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చారు, స్త్రీలలో అది మొదట అందుకున్నది ఆవిడే. 1910 ఆగస్టు 13న 90వ ఏట పరమపదించారు. రాజులను, కవులను ఉంచే వెస్ట్‌మినిస్టర్ ఆబీలో చోటిస్తామని ప్రభుత్వం అంటే, ఆవిడ కోరిక ప్రకారం బంధువులు వద్దన్నారు. ఈస్ట్ వెల్లో అనే పల్లెలో తల్లిదండ్రుల సమాధి చెంతనే ఖననం చేశారు. రాతి మీద పూర్తి పేరు కూడా లేదు. ఎఫ్.ఎన్. అనే రెండు అక్షరాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, అంతే.