సైకిలుకు మోటారు: ఎక్కడ బిగిస్తే నమ్మకం?



మన పెన్షనర్లలో చాలామందికి నేటికీ సైకిలే వాహనం. బ్యాంకుకు, మందుల దుకాణానికి, కూరగాయల బజారుకు దానిమీదే వెళ్ళివస్తాం. అయితే మోకాళ్ళు మునుపటివి కావు. "సైకిలుకు మోటారు పెట్టించుకోండి నాన్నా" అని పిల్లలు అంటున్నారు. దుకాణానికి వెళితే వాట్లు, వోల్టులు ఏకరువు పెడతారు. నేను ఇంజనీరును కాను. ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. కొత్త కాగితం పైకి పంపే ముందు పాత ఫైలు తిరగవేయడం మాకు అలవాటు. ఈ విషయంలో పాత ఫైలు వయస్సు నూరేళ్ళు దాటింది. దాన్ని తిరగవేస్తే తేలేది ఒక్కటే. మోటారుకు ఎంత బలం ఉందనేది రెండో ప్రశ్న. ఆ బలం చక్రానికి ఏ దారిన చేరుతుందనేది మొదటి ప్రశ్న.

విద్యుత్ సైకిలు నిన్నమొన్న పుట్టిందని మనం అనుకుంటాం. కాని అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ 1895లోనే వెనుక చక్రం హబ్బులో మోటారు ఉన్న సైకిలుకు పేటెంటు పొందాడు. 1897లో హోసియా లిబ్బీ పెడళ్ళ ఇరుసు దగ్గర మోటారు అమర్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. నేడు దుకాణాలలో చూపే రెండు ముఖ్యమైన రకాలూ ఇవే. ఆనాటి బ్యాటరీలు బరువైనవి, శక్తి తక్కువవి కావడంతో అవి నిలదొక్కుకోలేదు. రంగం పెట్రోలు ఇంజనుకు దక్కింది.

పారిస్‌లో వెర్నర్ సోదరులు 1897లో ఇంజనును ముందు చక్రం పైన బిగించి, బెల్టుతో ఆ చక్రాన్నే తిప్పారు. బరువంతా ఎత్తున, ముందువైపున ఉండడంతో తడి రోడ్డు మీద బండి పక్కకు జారేది. వారే 1901లో ఇంజనును కిందికి దించి, పెడళ్ళు ఉండే చోట ఫ్రేములో కూర్చోబెట్టారు. ఇప్పటి మోటారు సైకిళ్ళలో ఇంజను స్థానం దాదాపు అదే. ఇంజను చోటు మారగానే బండి నడత మారింది. ఇది మొదటి పాఠం.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక జనానికి చౌక వాహనం అవసరమైంది. ఫ్రాన్సులో 1946లో వెలోసొలెక్స్ వచ్చింది. ముందు చక్రం పైన చిన్న ఇంజను, దాని రోలరు టైరును ఒరుసుకుంటూ తిప్పుతుంది. మీట లాగితే ఇంజను పైకి లేచి, మామూలు సైకిలులా తొక్కుకోవచ్చు. ఇంతకంటే సులువైన ఏర్పాటు లేదు కనుకనే లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది. కాని వానలో రోలరు జారుతుంది, టైరు త్వరగా అరుగుతుంది. జపానులో సొయిచిరో హోండా అదే 1946లో, యుద్ధంలో మిగిలిపోయిన జనరేటరు ఇంజన్లను సైకిళ్ళకు బిగించసాగాడు. మొదట ఆయన కూడా ముందు టైరును ఒత్తి తిప్పే పద్ధతే చూశాడు. టైరు నిలవకపోవడంతో ఇంజనును ఫ్రేము మధ్యకు మార్చి, బెల్టుతో వెనుక చక్రాన్ని తిప్పించాడు. ఇటలీలో వచ్చిన 48 సి.సి. కూచొలో ఇంజను సైకిలు చెయినునే వాడుకుంది. ఇంగ్లండులో 1950లో వచ్చిన సైకిల్‌మాస్టర్‌లో ఇంజను మొత్తం వెనుక చక్రంలోనే ఇమిడి ఉండేది.

మన ప్రాంతానికి దగ్గరి కథ మోబిలెట్‌ది. 1949లో ఫ్రాన్సులో మోటోబెకేన్ కంపెనీ దీన్ని తెచ్చింది. ఇంజను నుంచి బెల్టు, అక్కడి నుంచి చెయిను, చెయిను నుంచి వెనుక చక్రం. తర్వాత ఆటోమేటిక్ క్లచ్చి చేరింది. దీన్నే మన దేశంలో మోపెడ్స్ ఇండియా సంస్థ తిరుపతిలో 'సువేగ' పేరుతో తయారు చేసింది. 1972లో పూణే నుంచి కైనెటిక్ వారి లూనా, 1980లో హోసూరు నుంచి ఇద్దరు కూర్చునే టి.వి.ఎస్.-50 వచ్చాయి. మా ఆఫీసు సైకిలు స్టాండులో సైకిళ్ళ మధ్య ఇవి ఒక్కొక్కటిగా చేరడం నేను కళ్ళారా చూశాను. అడ్వాన్సు మంజూరైన వారం దాకా ఆ ముఖంలో వెలుగు తగ్గేది కాదు.

ఈ బండ్లు నిలబడడానికి కారణం ఇంజను ఒక్కటే కాదు. ఫ్రేము, చక్రాలు, బ్రేకులు మోటారు కోసమే తయారైనవి. పైగా పెడళ్ళు ఉండేవి. మా సెక్షనులో ఒకాయన మోపెడ్ బెల్టు వానాకాలంలో దారి మధ్యలో తెగింది. ఆరు కిలోమీటర్లు తొక్కుకుంటూ ఇల్లు చేరాడు. మర్నాడు సెలవు చీటీ పంపాడనుకోండి! అయినా నడిరోడ్డు మీద నిలిచిపోలేదు.

ఇక నేటి సంగతి. హబ్బు మోటారులో సైకిలు చెయినుపై అదనపు భారం పడదు. అందుచేత చదునైన ఊళ్ళకు అది చాలు. అందులోనూ గేర్లున్న రకానికి లోపల ఫ్రీవీలు ఉంటుంది. బ్యాటరీ అయిపోయినా తొక్కడం తేలిక. గేర్లు లేని రకంలో అరిగే భాగాలు తక్కువే గాని, కరెంటు లేనప్పుడు తొక్కితే వెనక్కు పట్టి లాగినట్లుంటుంది. పెడళ్ళ దగ్గర మోటారు ఉన్నది సైకిలు గేర్లను వాడుకుంటుంది కనుక మెరకలకు మంచిది. కాని చెయిను, పళ్ళ చక్రాలు త్వరగా అరుగుతాయి. తొక్కే బలాన్ని కనిపెట్టి ఆ మేరకే సాయపడే పద్ధతిని యమహా 1993లో జపానులో ప్రవేశపెట్టింది. అది కలిగిన బండి ఒక్కసారిగా ముందుకు దూకదు. మన వయసుకు అదే క్షేమం.

ముందు చక్రం హబ్బులో మోటారు బిగించేవారు ఒకటి గమనించాలి. మోటారు తిరిగేటప్పుడు ఇరుసు ఎదురు తిరగబోతుంది. ఫోర్కు గాడిలోంచి అది ఊడకుండా పట్టి ఉంచే ఇనుప బద్దను తప్పక వేయించాలి. పాత సైకిలైతే ముందుగా బ్రేకులు మార్పించి, ఆ తర్వాతే మోటారు మాట ఎత్తాలి. ఇరవై ఏళ్ళ వయసులో పడితే మోచెయ్యి గీసుకుపోయేది. ఇప్పుడు తుంటి విరిగితే మంచాన పడేది మనం, సెలవులు పెట్టుకునేది పిల్లలు.

నిబంధనల మాట. బ్యాటరీ సైకిలు మోటారు అరగంట సామర్థ్యం 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కి.మీ. లోపు ఉండి, నిబంధనల్లోని బరువు పరిమితి దాటకుంటే లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కరలేదు. పెట్రోలు ఇంజను 25 సి.సి. దాటితే 1988 నాటి చట్టం ప్రకారం అది మోటారు వాహనమే. దానికి కాగితాలన్నీ కావాలి.

కావున దుకాణదారుని మూడు ప్రశ్నలు అడగండి. బలం చక్రానికి ఏ దారిన వస్తుంది? ఆ దారిలో ముందు అరిగేది ఏది, అది మన ఊళ్ళో దొరుకుతుందా? మోటారు ఆగితే నేను తొక్కుకుంటూ ఇల్లు చేరగలనా? మూడో ప్రశ్నకు జవాబు నోటితో వద్దు. మోటారు ఆపివేసి, వీధి చివరిదాకా తొక్కి చూడండి. మీ మోకాళ్ళే చెబుతాయి.

సభ్యులలో ఇటువంటి బండ్లు వాడుతున్నవారు తమ అనుభవాలను సంఘ కార్యాలయానికి వ్రాసి పంపితే తోటివారికి మేలు చేసినవారవుతారు.